మొగులు వేయడం ఎలా: ఒక మిర్చి గుమస్తా పద్ధతి

ఫిబ్రవరి నుంచి మే దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పనిచేసే వాళ్లెవరినైనా గమనించండి. రైతు, హమాలీ, తూకం వేసే దడ్వాయి, నాలాంటి గుమస్తా, అందరం మాట మధ్యలో తల ఎత్తి ఒకసారి పైకి చూస్తాం. కింద ఆరుబయట మిర్చి బస్తాలు వరుసలుగా పేర్చి ఉంటాయి. మొగులు, అంటే మబ్బు, పట్టిందంటే బస్తాల మీద కప్పే పట్టాల కోసం ఉరుకుడే. ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్లు. బొమ్మలు వేసే అలవాటు అంతకు ముందునుంచే ఉంది. ఇన్నేళ్లు ఆకాశాన్ని చూసినా, నా బొమ్మల్లో ఆకాశం మాత్రం మూడో తరగతి పిల్లాడు వేసినట్టే ఉండేది. నీలం పూసి, మధ్యలో నాలుగు దూది ఉండలు పెట్టడం.

ఒకసారి రామప్ప చెరువు బొమ్మ వేసి దుకాణంలో గోడకు తగిలించాను. బస్తాలు మోసే ఒక పెద్దాయన చాయ్ తాగుతూ దాన్ని చాలాసేపు చూశాడు.

"చెరువు మంచిగున్నది బిడ్డా. గని ఈ మొగులు ఎప్పటిది?"

"ఎప్పటిదంటే ఏంది తాతా?"

"పొద్దుగాలదా, మాపటిదా? వాన పడేదా, గాలికి కొట్టుకపొయ్యేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఫొటో చూసి వేసిన చెరువు మీద, ఎక్కడో చూసిన మబ్బులు అతికించాను. ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

జవాబు వెతుకుతూ పోతే దొరికినవాడు జాన్ కాన్‌స్టేబుల్. ఈ పేరు మీద మా ఇంట్లో ఇప్పటికీ నవ్వులాటే. రాత్రి పదింటికి ఫోన్‌లో ఏం చూస్తున్నావని మా ఆవిడ అడిగితే "కానిస్టేబుల్ మబ్బులు" అన్నాను. "ఏ ఠాణాలో చేస్తడు?" అంది. పోలీసు కాదు. 1776 జూన్ 11న ఇంగ్లండులో, సఫోక్ ప్రాంతంలోని ఈస్ట్ బెర్‌గోల్ట్ అనే ఊళ్లో పుట్టిన చిత్రకారుడు. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టేబుల్ ధాన్యం వ్యాపారి. స్టౌర్ నది ఒడ్డున ఫ్లాట్‌ఫర్డ్‌లో, డెడమ్‌లో ఆయనకు పిండి మిల్లులు ఉండేవి. కొడుకు కూడా చిత్రకళకు పోకముందు కొంతకాలం మిల్లు పని చేశాడు, ఊళ్లో వాళ్లకున్న గాలిమర దగ్గర కూడా. గాలిమర దగ్గర పని చేసేవాడు గాలి ఎటు మళ్లిందో, ఎంత జోరుగా ఉందో నిమిష నిమిషానికి చూసుకోవాలి. అది చదవగానే ఈయన మన యార్డు మనిషే అనిపించింది. ఆకాశం ఈయనకు ముందు పని, ఆ తర్వాతే అందం.

ఇక పద్ధతి. నేను ఏ కాలేజీలో నేర్చుకున్నవాణ్ని కాదు, ఇది చేసి చేసి కుదుర్చుకున్నది.

చోటు ఒకటే ఉండాలి. రోజుకో చోటికి పోవద్దు. కాన్‌స్టేబుల్ భార్య మరియాకు ఆరోగ్యం బాగుండేది కాదు. మంచి గాలి కోసం 1819 నుంచి లండన్‌కు ఉత్తరాన ఎత్తు మీదున్న హాంప్‌స్టెడ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటూ వచ్చాడు. 1821, 1822లో అక్కడే నిలబడి ఆకాశాలు వేశాడు. 1822 అక్టోబరులో స్నేహితుడు ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో, యాభై దాకా ఆకాశాలు జాగ్రత్తగా వేశానని చెప్పుకున్నాడు. చాలావాటిలో నేల కూడా లేదు, ఒట్టి మబ్బులే. నాకు హాంప్‌స్టెడ్ మా డాబా. ఆదివారమైతే భద్రకాళి చెరువు కట్ట. దాదాపు ఎప్పుడూ ఈ రెండే చోట్లు. ఎటు తిరిగి కూర్చుంటారో కూడా ఖాయం చేసుకోండి. నేను డాబా మీద వాటర్ ట్యాంకుకు వీపు ఆనించి పడమటికి చూస్తాను. మన దిక్కు వానాకాలం మొగులు ఎక్కువగా అటునుంచే వస్తుంది. పైగా వీపుకు ఆసరా ఉంటే గంటసేపు కూర్చోవచ్చు. నలభై ఏళ్లు దాటినవాళ్లకు ఈ రెండో కారణమే ముఖ్యం.

కాగితం పెద్దది వద్దు. అరచేతికి కాస్త మించినది చాలు. పెళ్లి పత్రికల అట్టలు నేను దాచిపెడతాను. మా దుకాణానికి సీజన్‌లో ఎన్ని వస్తాయో లెక్కే లేదు. ముద్రలేని వైపు గోడలకు వేసే తెల్ల ప్రైమర్ రెండు పూతలు పూయాలి. పూయకపోతే రంగులోని నూనెను అట్ట పీల్చేసుకుని కొన్నాళ్లకు పెళుసెక్కుతుంది. ప్రైమర్ ఆరాక బర్న్ట్ సియెన్నా రంగును టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పైన తుడవండి. అట్ట లేత ఇటుక రంగుకు వస్తుంది. కాన్‌స్టేబుల్ కూడా చాలా స్కెచ్‌లకు కాగితం మీద ఇలాంటి ఎర్రటి, గోధుమ రంగు పూత వేసుకునేవాడు. తెల్ల కాగితం మీద తెల్ల మబ్బు కనబడదు, ఎర్ర నేల మీద ఒక్క గీత పెట్టినా మెరుస్తుంది. చేర్యాల పటం ఎర్ర నేల మీద బొమ్మలు ఎట్లా లేచి కనబడతాయో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో లాభం, నీలం మధ్యలో అక్కడక్కడ ఆ ఎరుపు తొంగిచూస్తే ఆకాశానికి వేడి వస్తుంది. మన ఏప్రిల్ ఆకాశానికి ఆ వేడి కావాలి.

నూనె రంగులు ఆరు ట్యూబులు చాలు: టైటానియం వైట్, అల్ట్రామెరైన్ నీలం, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, లైట్ రెడ్, సెరూలియన్ నీలం. నల్ల రంగు కొనకండి. కొంటే వాడతారు, వాడితే మబ్బు మసిబట్టిన గోడ అవుతుంది. మబ్బు కడుపు నలుపు అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లటి వాన మొగులు, సియెన్నా ఎక్కువైతే దుమ్ము మొగులు. ఈ రెండు రంగుల పాళ్లు చేతికొస్తే సగం పని అయినట్టే. అన్నట్టు, మూత తిప్పితే రంగు వచ్చే ఈ తగరపు ట్యూబు కాన్‌స్టేబుల్‌కు తెలియదు. జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు దానికి పేటెంటు తీసుకున్నది 1841లో. కాన్‌స్టేబుల్ 1837లోనే పోయాడు. ఆయన కాలంలో నూనె రంగును పంది మూత్రాశయపు సంచిలో కట్టి అమ్మేవారు. దానికి చిల్లు పొడిచి పిండుకుని, ఆ రంగులతో హాంప్‌స్టెడ్ గాలిలో కూర్చుని పరుగెత్తే మబ్బుల్ని పట్టాడు. ఇది తెలిశాక సామాన్లు సరిగ్గా లేవని సాకు చెప్పడం మానేశాను.

ఇప్పుడు కూర్చోండి. ఫోన్‌లో గంట అలారం పెట్టి ఫోన్ బోర్లించండి. ఫొటో తీయొద్దు. తీస్తే "తర్వాత చూసి సరిచేద్దాం" అనే బద్ధకం వస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు బ్రష్ ముట్టకండి. మూడు సంగతులు చూసుకోండి. వెలుగు ఎటునుంచి పడుతోంది, గాలి ఎటునుంచి ఎటు, మబ్బులు ఎన్ని అంతస్తుల్లో ఉన్నాయి. కింది మబ్బు ఒక దిక్కుకు, పైది ఇంకో దిక్కుకు పోవడం మన దగ్గర తరచూ కనబడుతుంది. కింది గాలిని పట్టడానికి అగరుబత్తి వెలిగించి పక్కన గుచ్చండి. యార్డులోనైతే అదీ అక్కర్లేదు, ఎటువైపు వాళ్లు తుమ్ముతున్నారో చూస్తే గాలి అటే వీస్తున్నట్టు.

తర్వాత నేల గీత. అట్టకు అడుగున ఒక వేలు మందం వదిలి గీత పెట్టండి, మిగతాదంతా ఆకాశానిదే. నీలాన్ని పైనుంచి మొదలుపెట్టి కిందికి తేవాలి. నడినెత్తిన అల్ట్రామెరైన్ చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ తెలుపు కలుపుతూ సెరూలియన్. నేల గీత దగ్గర ఎండాకాలం నీలమే ఉండదు, దుమ్ము రంగు ఉంటుంది. అక్కడ యెల్లో ఓకర్ వేస్తే నీలంతో కలిసి ఆకుపచ్చకు తిరుగుతుంది. నా పాత ఆకాశాలన్నీ కొంచెం నాచుపట్టినట్టు ఉండటానికి ఇదే కారణం. ఓకర్‌లో రవ్వంత లైట్ రెడ్ కలిపి వేయండి.

మబ్బు ఆకారం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, చాలామంది ఇక్కడే పడతారు. ఎండ రోజున లేచే దూదిమబ్బుకు పైభాగం గుండ్రంగా ఉంటుంది, అడుగు మాత్రం దాదాపు బల్లపరుపు. ఒక రోజున ఆకాశంలో ఉన్న ఇలాంటి మబ్బులన్నిటికీ అడుగులు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. మిర్చి యార్డులో పొడుగాటి రేకుల షెడ్డు కింద నిలబడి చూడండి. దగ్గరి దూలం నెత్తిమీద ఉంటుంది, దూరం పోయినకొద్దీ దూలాలు కిందికి దిగుతూ, ఒకదానికొకటి దగ్గరవుతూ కనబడతాయి. మబ్బులూ అంతే. పైనున్నవి పెద్దవి, ఎడంగా. నేల గీత దగ్గరవి చిన్నవి, పలచటివి, ఒత్తుగా. ఇది తెలియక ముందు నేను అన్ని మబ్బుల్నీ ఒకే సైజులో వేసి, అట్ట మీద బంతులు ఆరబోసినట్టు చేసేవాణ్ని.

మబ్బు తెలుపు కూడా తెలుపు కాదు. పత్తి సీజన్‌లో యార్డులో పోసిన కుప్పను సాయంత్రం నాలుగింటికి చూడండి. ఎండ పడిన వైపు లేత వెన్న రంగు, పడని వైపు నీలి బూడిద రంగు, అడుగున నేల రంగు తగిలి కొంచెం ఎరుపు. పత్తి అందుబాటులో లేకపోతే తెల్ల దుప్పటి నలిపి కిటికీ దగ్గర పడేసి వేయండి. నాలుగు రోజులు ఆ దుప్పటి వేస్తే ఐదో రోజు మబ్బు దానంతట అదే వస్తుంది.

వానమొగులు సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు తర్వాత లేచే మబ్బు గోపురంలా పెరుగుతుంది. పెరిగి పెరిగి దాని నెత్తి కమ్మరి దాగలిలా బల్లపరుపుగా పరచుకుందంటే ఇక బొమ్మ ఆపి పట్టాలు వెతకాలి. దాని అడుగుకు చిక్కటి నీలిబూడిద వేసి, వాన పడుతున్న చోట పొడి బ్రష్‌తో ఏటవాలుగా కిందికి లాగండి. ఒక్కసారే లాగాలి, రెండోసారి లాగితే చీపురు కట్ట అవుతుంది.

లండన్‌లో మందుల తయారీ పనిచేసే ల్యూక్ హవర్డ్ 1802లో మబ్బులకు సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ అని పేర్లు పెట్టాడు. కాన్‌స్టేబుల్ ఆ శాస్త్రాన్ని వివరించిన థామస్ ఫోర్‌స్టర్ పుస్తకం కొనుక్కుని అంచుల్లో రాతలు రాసుకుంటూ చదివాడు. చిత్రకళ కూడా ప్రకృతి నియమాల మీద విచారణే అని 1836లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో ఉపన్యాసమిచ్చాడు. మీరు ఆ పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు. మన పెద్దవాళ్లు రోహిణి ఎండ, ఆరుద్ర వాన అని కార్తెతో కలిపి చెప్పేదాన్ని చెవినపెడితే అదే సగం చదువు.

అలారం మోగగానే ఆపేయండి. సగంలో ఉన్నా సరే. గంట తర్వాత మీ ముందున్నది వేరే ఆకాశం, దాన్ని పాతదాని మీద అతికిస్తే నా రామప్ప చెరువే మళ్లీ వస్తుంది.

ఆపాక అసలు పని. అట్ట వెనక్కి తిప్పి రాయాలి. కాన్‌స్టేబుల్ ఒక స్కెచ్ వెనక రాసుకున్నది ఇలా ఉంటుంది: 1822 సెప్టెంబరు 5, పొద్దున పది గంటలు, ఆగ్నేయం వైపు చూస్తూ, పడమటి గాలి జోరుగా ఉంది, పసుపురంగు పరుపు మీద బూడిదరంగు మబ్బులు చాలా వేగంగా పరుగెడుతున్నాయి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది తక్‌పట్టీయే కదా! తేదీ, సరుకు, తూకం, ధర రాసిన ఆ చీటీ లేకుండా మా దుకాణంలో ఏ లెక్కా తేలదు. ఇరవై రెండేళ్లుగా మిర్చికి రాస్తున్నదాన్ని ఆకాశానికి రాయాలని నాకెందుకు తట్టలేదో. తాత అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. తేదీ, గంట, చూసిన దిక్కు, గాలి, తర్వాత వాన పడిందా లేదా. చివరిది రాత్రి పడుకునే ముందు రాయండి. ఆర్నెల్లలో మీ అట్టల కట్ట వాతావరణ కేంద్రం అవుతుంది. నేనిప్పుడు పాత అట్టలు చూసి, ఇలాంటి మొగులుకు గంటలో వాన పడిందని దుకాణంలో చెప్పగలను. పదిలో ఆరుసార్లు నిజమవుతుంది, మిగతా నాలుగుసార్లు హమాలీలు పట్టాలు ఊరికే మోసి నన్ను తిడతారు.

ఆరబెట్టడంలో ఒక దెబ్బ తిన్నాను, మీరు తినకండి. తడి అట్టల్ని దుకాణంలో బల్ల మీద వరుసగా పెట్టి కాంటాలకు పోయాను. వచ్చేసరికి ఆకాశం నిండా సన్నటి ఎర్ర దుమ్ము. మిర్చి పొడి. తుడిస్తే రంగు పోతుంది, వదిలేస్తే వేలు తగిలి కన్ను మండుతుంది. అప్పట్నుంచి పాత చెప్పుల డబ్బాలో నాలుగు మూలలా అగ్గిపుల్లలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాను. ఎండాకాలం పల్చటి పూత నాలుగైదు రోజుల్లో ఆరుతుంది. వానాకాలం ఎంత పడుతుందో అడగకండి.

అట్టలు పోగయ్యాక పెద్ద బొమ్మకు పోవచ్చు. కాన్‌స్టేబుల్‌ది అందరికీ తెలిసిన బొమ్మ, గడ్డిబండి నదిలో దిగి ఉన్నది, 'ది హే వెయిన్', దాదాపు ఆరడుగుల వెడల్పు. 1821లో ప్రదర్శనకు పెట్టినప్పుడు దాని పేరు అది కాదు, "లాండ్‌స్కేప్: నూన్". మధ్యాహ్నం! ఇది ఎప్పటి మొగులు అని మా తాత అడిగే అవసరమే లేకుండా పేరులోనే చెప్పాడు. ఆ బొమ్మ నది ఒడ్డున కూర్చుని వేసింది కాదు, చలికాలంలో లండన్ ఇంట్లో, ఏళ్ల తరబడి పోగేసిన స్కెచ్‌లు ముందు పెట్టుకుని వేసింది. బండి ఎలా ఉంటుందో సందేహమొస్తే ఊళ్లో ఉన్న తమ్ముడు ఏబ్రమ్ ద్వారా అక్కడి కుర్రాడితో బండి బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు. అసలు బొమ్మకు ముందు అదే కొలతలో ఇంకో పూర్తి స్కెచ్ వేసుకున్నాడు. మనకు అంత కేన్వాసు ఖర్చు ఎందుకు, రెండడుగులది చాలు.

పెద్ద బొమ్మకు అట్ట ఎంచేటప్పుడు వెనక రాతే దిక్కు. నాట్లు వేస్తున్న పొలం బొమ్మకు ఆషాఢం, శ్రావణం అట్టలే తీయాలి. ఒకసారి అందంగా ఉందని అక్టోబరు సాయంత్రపు ఆకాశాన్ని నాట్ల మీద పెట్టాను. వెలుగు పైన ఎడమనుంచి, కింద ఆడవాళ్ల నీడలు కూడా ఎడమకే. తాత చూసి ఏమీ అనలేదు, నవ్వాడు. అదింకా ఘోరం. మబ్బు నీడ నేల మీద కూడా పడాలి. ఒక మడి ఎండలో, పక్క మడి నీడలో ఉంటే చూసేవాడికి గాలి తగులుతుంది. గడ్డిబండి బొమ్మలో గుర్రాల జీను మీద చిన్న ఎరుపు ఉంటుంది, చుట్టూ పచ్చదనాన్ని అదే లేపి నిలబెడుతుంది. మనకు ఆ పనికి తలరుమాలు చాలు.

ఆకాశాన్ని వెనక కట్టిన తెల్ల దుప్పటిలా చూడమని కాన్‌స్టేబుల్‌కు కొందరు సలహా ఇచ్చారట. ఫొటో స్టూడియో పరదా అన్నమాట. ఆయన వినలేదు. బొమ్మకు శ్రుతి, కొలత, మనసు అన్నీ ఆకాశమే అన్నాడు. వినకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. గడ్డిబండి బొమ్మ లండన్ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. తర్వాత ఒక ఫ్రెంచి వ్యాపారి కొని పారిస్ తీసుకెళితే, 1824 ప్రదర్శనలో రాజు బంగారు పతకమిచ్చాడు. సొంత దేశంలో చిత్రకారుల పెద్ద సంస్థ రాయల్ అకాడమీ పూర్తి సభ్యత్వం 1829లో, 52 ఏళ్లకు, ఒక్క ఓటు తేడాతో వచ్చింది. మరియా అప్పటికే లేదు, ఏడుగురు పిల్లల్ని వదిలి 1828 నవంబరులో క్షయతో పోయింది. ఆయన 1802లో ఒక సైనిక విద్యాలయంలో డ్రాయింగు మాస్టారు ఉద్యోగం వస్తే వద్దన్న మనిషి. నేనైతే వద్దనేవాణ్ని కాదు. నెల జీతం వదిలి మబ్బుల వెంట పడమని మీకూ చెప్పను, పొద్దున డ్యూటీకి ముందు గంట దొరికితే చాలు.

ఆకాశం బాగా కుదిరిందా లేదా అనే పరీక్షకు చిత్రకారుల దగ్గరికి పోనక్కర్లేదు. కాన్‌స్టేబుల్ బొమ్మ చూస్తే తన కోటూ గొడుగూ తెమ్మనాలనిపిస్తుందని ఫ్యూజెలీ అనే చిత్రకారుడు వెక్కిరించాడు. అంతకంటే మెచ్చుకోలు ఉంటుందా? మీ అట్టను ఒక రైతుకో, ఇటుకబట్టీ మేస్త్రీకో, బట్టలు ఆరేసే మీ ఇంటావిడకో చూపించండి. వాన పడుతుందా అని మాత్రం అడగండి. మీరు వెనక రాసుకున్నదే వాళ్ల నోట వస్తే సరే, లేదంటే ఇంకో అట్ట.

మొన్నటి అట్ట ఇప్పుడు నా ముందే ఉంది. వెనక రాసింది ఇది: ఏప్రిల్ 19, సాయంత్రం 4:10, యార్డు గేటు పక్కన, పడమటికి చూస్తూ, గాలి ఒక్కసారి ఆగింది, దాగలి మొగులు, అడుగున చిక్కటి నీలం, కుడివైపు వాన దిగుతోంది. అలారానికి ఇంకా ముప్పావుగంట ఉంది. తాత దూరం నుంచే చేయి ఊపుతూ కేకేశాడు. కింది మూల ఇటుక రంగు అలాగే మిగిలిపోయింది, దాని మీద మూడు వాన చుక్కలు.